అసెన్సో

నాకు మొదట్లో వచ్చిన నాలుగైదు స్పానిష్ మాటల్లో 'అసెన్సో' ఒకటి. ప్లాంటు నోటీసు బోర్డు మీద చూసి పక్కవాళ్ళని అడిగాను. ప్రమోషన్ అన్నారు. రెండు నెలల తర్వాత, ప్రెస్సుల్లో రేకుల్ని నొక్కే అచ్చుల్ని చూసుకునే డై షాపులో ఇద్దరు ఫిట్టర్లు అదే మాట పట్టుకుని గొంతులు పెంచి వాదించుకుంటుంటే, పాపం ఎవరికో ప్రమోషన్ ఆగిపోయినట్టుంది అనుకున్నాను. తీరా చూస్తే వాళ్ళ గొడవ ఫుట్‌బాల్ గురించి. రెండో డివిజన్ జట్టు గెలిచి మొదటి డివిజన్‌లోకి ఎక్కడాన్ని కూడా అసెన్సో అనే అంటారు. కిందికి పడిపోతే దెసెన్సో.

అది 2017. పుణే దగ్గర చాకన్‌లో ఆరేళ్ళు పనిచేసి, జనవరిలో మెక్సికోలోని సెలాయాకి వచ్చాను. గ్వానాహ్వాతో రాష్ట్రంలో ఉంటుందీ ఊరు. మేకపాలు, పంచదార కలిపి గంటలకొద్దీ మరిగించి చేసే కహేతా అనే తీపికి పేరు. చుట్టూ కార్ల ఫ్యాక్టరీలు, వాటికి విడిభాగాలు చేసే ప్లాంట్లు. అలాంటి ఒక ప్లాంటులోనే ప్రెస్ షాపు క్వాలిటీ నా పని. ఇక్కడ ఇంజనీర్ని పేరుపెట్టి పిలవరు, 'ఇన్హె' అంటారు. ఇంజనీరు అన్న మాటకి ముద్దుపేరు. డై షాపులో అందరికంటే పెద్దాయన్ని మాత్రం మేమంతా 'మాఎస్త్రో' అనేవాళ్ళం. మన దగ్గర మేస్త్రీ అన్నట్టే. ఆయన సొంతూరు మొరేలియా, పక్క రాష్ట్రం మిచోవకాన్ రాజధాని. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా జట్టు మాత్రం మొరేలియాదే.

ఆ వసంతంలో మాఎస్త్రో భోజనం సరిగ్గా చేసేవాడు కాదు. జేబులో గళ్ళ నోటుబుక్కు, చెవిలో పెన్సిలు. మొరేలియా పడిపోయే ప్రమాదంలో ఉంది. నేను పాయింట్ల పట్టిక చూసి, "చివర ఉన్నది మీ జట్టు కాదు కదా" అన్నాను. అప్పుడు కూర్చోబెట్టి కొసియెంతే అంటే ఏంటో చెప్పాడు.

మెక్సికోలో 1991-92 నుంచి, ఒక్క ఏడాది ఆట చూసి జట్టుని కిందికి పంపడం మానేశారు. మూడేళ్ళలో సంపాదించిన పాయింట్లని ఆడిన మ్యాచ్‌లతో భాగిస్తారు. ఆ సగటు ఎవరికి తక్కువుంటే వాళ్ళు పడేవాళ్ళు. అంటే ఈ ఏడు బాగా ఆడినా రెండేళ్ళ కిందటి పాపం వెంటాడుతుంది. కొత్తగా పైకి వచ్చిన జట్టుకి పాత లెక్క ఉండదు కాబట్టి, దాని సగటు ఒక్కో మ్యాచ్‌కీ పైకీ కిందికీ ఊగుతుంది. పెద్ద క్లబ్బులకి ఒక చెడ్డ ఏడాది వస్తే కాపాడేది ఈ పద్ధతి. నాకది న్యాయంగా అనిపించలేదు. మాఎస్త్రోకి కూడా అనిపించలేదు, కానీ లెక్క మాత్రం మూడు దశాంశ స్థానాల దాకా వేసేవాడు.

మే నెలలో సీజన్ చివరి మ్యాచ్ మోంతెర్రేలో. నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. ఆట ముగిసిపోతుందనగా రౌల్ రుయిదియాస్ అనే పెరూ కుర్రాడు గోల్ కొట్టాడు. 2-1. మొరేలియా నిలబడింది, చియాపాస్ పడింది. మాఎస్త్రో కేక వెయ్యలేదు, గెంతలేదు. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆయన భార్య నా చేతిలో ప్లేటు పెట్టి, "ఏడవనీ, తిను" అంది.

ఆ తర్వాత రాత్రి షిఫ్టుల్లో కొత్త డై ట్రయల్ మధ్యలో ఖాళీ దొరికితే చాలు, పాత కథలు చెప్పేవాడు. అన్నిట్లోకీ నాకు దగ్గరైనది సకాతెపెక్ కథ. మొరేలోస్ రాష్ట్రంలో చెరకు పండే చిన్న ఊరు. 1938లో అప్పటి అధ్యక్షుడు లాసరో కార్దెనాస్ ప్రభుత్వం అక్కడ సహకార చక్కెర మిల్లు పెట్టించింది. ఆ మిల్లు ఊరి జట్టుకి కన్యేరోస్ అని పేరు, చెరకువాళ్ళు అని అర్థం. 1950లో రెండో డివిజన్ మొదలైతే దాన్ని గెలిచి మొట్టమొదట పైకి ఎక్కింది వాళ్ళే. ఎక్కి ఊరుకోలేదు. ఇగ్నాసియో త్రెయెస్ కోచ్‌గా 1955లో, మళ్ళీ 1958లో దేశం మొత్తానికి ఛాంపియన్లయ్యారు.

నేను పుట్టి పెరిగింది చోడవరం దగ్గర, గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో. అదీ సహకార ఫ్యాక్టరీయే. సీజన్‌లో రాత్రంతా చెరకు బళ్ళు బారులు తీరడం, మొలాసిస్ వాసన దుప్పట్లోకి కూడా రావడం నాకు తెలుసు. అలాంటి ఊరు రాజధాని జట్లని ఓడించి కప్పు తెచ్చుకుందంటే ఆ రాత్రి అక్కడ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోగలను. మిషన్ల మోతలో నిలబడి ఆ కథ వింటుంటే ఒళ్ళు గగుర్పొడిచింది.

అలా ఎక్కినవాళ్ళు ఇంకా ఉన్నారు. హిదాల్గో రాష్ట్రంలో హాసో అనే సిమెంటు ఊరి సహకార సంఘం జట్టు క్రూస్ అసూల్ 1964లో పైకి వచ్చి ఇప్పుడు దేశంలోని అతిపెద్ద క్లబ్బుల్లో ఒకటైంది. మా రాష్ట్రంలోనే ఉన్న చెప్పుల ఊరు లెయోన్ 2002లో పడిపోయి పదేళ్ళు కింద మగ్గింది. 2012లో ఎక్కి, 2013 చివర్లో ఒకటి, 2014లో ఇంకొకటి, వరసగా రెండు టైటిళ్ళు గెలిచింది. మా ప్రెస్ లైన్‌లో లెయోన్ వాళ్ళు ఇద్దరుండేవాళ్ళు. ఆ పదేళ్ళ గురించి చెప్పేటప్పుడు వాళ్ళ గొంతు మారిపోయేది.

కానీ ఇదే లీగులో డబ్బుతో తిరగరాసిన రాతలూ ఉన్నాయి. 2013లో కెరెతారో జట్టు మైదానంలో ఓడి పడిపోయింది. యజమానులు అప్పటి చియాపాస్ జట్టు స్థానాన్ని కొనేసి పై డివిజన్‌లోనే ఉండిపోయారు. అదే ఏడు లా పియెదాద్ కష్టపడి పైకి ఎక్కితే, ఆ స్థానాన్ని వెరాక్రూస్‌కి తరలించారు. గెలిచిన ఊరు ఒక్క మ్యాచ్ కూడా పై డివిజన్‌లో చూసుకోలేదు. 2018లో తపచూలా జట్టు గెలిచినా, పైకి రావడానికి తగిన అర్హతలు లేవని ఆపేశారు. పడిపోవాల్సిన ప్యూబ్లా యూనివర్సిటీ జట్టు లోబోస్ 12 కోట్ల పెసోలు కట్టి ఉండిపోయింది. మరుసటి ఏడు వెరాక్రూస్ కూడా అంతే కట్టి ఉండిపోయింది.

ఆ వెరాక్రూస్ సంగతి కొంచెం ఆగి చెప్పాలి. లీగుకి 12 కోట్లు కట్టిన క్లబ్బు ఆటగాళ్ళకి నెలల తరబడి జీతాలివ్వలేదు. 2019 అక్టోబరు 18న టిగ్రెస్‌తో మ్యాచ్. విజిల్ వేశాక వెరాక్రూస్ ఆటగాళ్ళు కదలకుండా నిలబడిపోయారు. సొంత మైదానం, సొంత జనం ముందు. వాళ్ళలా నిలబడి ఉండగానే అవతలివాళ్ళు గోల్స్ కొట్టారు. మా కాంటీన్ టీవీలో మర్నాడు అదే చూపించారు. ఇక్కడ జీతం పదిహేను రోజులకొకసారి వస్తుంది, కిన్సేనా అంటారు. అది రెండు రోజులు ఆలస్యమైతేనే అద్దె, పిల్లల ఫీజు, బస్సు చార్జీ అన్నీ తల్లకిందులవుతాయి. టీవీ ముందు నిలబడ్డ లైన్ వాళ్ళలో ఒక్కరు కూడా టిగ్రెస్‌ని మెచ్చుకోలేదు. డిసెంబరులో అప్పుల కారణంగా వెరాక్రూస్‌ని లీగులోంచి తీసేశారు.

తర్వాత 2020 ఏప్రిల్. కోవిడ్‌తో మా ప్లాంటు మూతపడింది. అందరం ఇళ్ళల్లో. మా కంపెనీ ఆ ఏడు ప్రమోషన్లు లేవని మెయిల్ పెట్టింది. అదే నెల 24న మెక్సికన్ ఫుట్‌బాల్ పెద్దలు కూర్చుని, అసెన్సో, దెసెన్సో రెండూ ఆపేస్తున్నాం అన్నారు. ఆరు సీజన్ల పాటు. రెండో డివిజన్ క్లబ్బులు ఆర్థికంగా నిలబడలేకపోతున్నాయి, పిల్ల ఆటగాళ్ళని తయారుచేసుకోండి, ఏటా సాయం చేస్తాం అన్నారు. రెండో డివిజన్ పేరు లీగా దే ఎక్స్‌పాన్సియోన్ అని మార్చారు. చివరిసారి కింది నుంచి పైకి ఎక్కింది 2019లో సాన్ లూయిస్. పైన అట్టడుగున ఉన్నవాళ్ళు పడిపోయే బదులు జరిమానా కట్టాలన్నారు. మాఎస్త్రో ఫోన్ చేసి ఒకటే మాట అన్నాడు: "ఇన్హె, మెట్లు తీసేశారు."

నెలన్నర తిరక్కుండానే ఇంకో దెబ్బ. మొరేలియా జట్టుని యజమానులు పసిఫిక్ ఒడ్డున కొత్త స్టేడియం కట్టిన మసత్లాన్‌కి తరలించారు. 2017లో ఆ ఆఖరి నిమిషపు గోల్ కాపాడింది దేన్నో, దాన్ని ఒక ప్రకటనతో పట్టుకుపోయారు. జనం రోడ్లెక్కి నిరసన చేశారు. ఫలితం లేదు. మొరేలియాకి వేరే జట్టు వచ్చింది, కింది లీగులో ఆడేది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? సకాతెపెక్ నుంచి. మొట్టమొదట పైకి ఎక్కిన ఆ చెరకు ఊరి స్థానాన్నే తీసుకొచ్చి అట్లేతికో మొరేలియా అని పేరు పెట్టారు.

మాఎస్త్రో ఆ జట్టుని వెంటనే తనదనుకోలేకపోయాడు. "నా దుఃఖం తీర్చడానికి వాళ్ళకి దుఃఖం తెచ్చారు" అనేవాడు.

ఆయన కొడుకు మా ప్లాంటులోనే ప్రెస్ ఆపరేటర్. నాలుగేళ్ళుగా ఏజెన్సీ కింద. యూనిఫాం ఒకటే, పని ఒకటే, పేస్లిప్ మీద కంపెనీ పేరు మాత్రం వేరు. మెక్సికో చట్టం ప్రకారం లాభంలో 10 శాతం కార్మికులకి పంచాలి, కానీ ఏజెన్సీ పుస్తకాల్లో లాభమే కనపడదు. ఏటా మే నెలలో పర్మనెంట్ వాళ్ళు ఆ డబ్బు లెక్కపెట్టుకుంటుంటే అతను తల దించుకుని పని చేసుకునేవాడు. నేను ఆ కాగితాలు చూసే స్థానంలో ఉండి కూడా ఏమీ చెయ్యలేకపోయాను, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. 2021 ఏప్రిల్‌లో చట్టం మార్చారు. ప్రత్యేకమైన పనులకి తప్ప మనుషుల్ని ఏజెన్సీల నుంచి తెచ్చుకోకూడదన్నారు. సెప్టెంబరుకల్లా ఆ అబ్బాయి కంపెనీ రోల్స్‌లోకి వచ్చాడు. నాకు పర్మనెంట్ రెసిడెంట్ కార్డు వచ్చింది కూడా ఆ ఏడాదే. ఇద్దరి కోసం కలిపి మాఎస్త్రో ఇంట్లో భోజనాలు పెట్టారు. పంది మాంసం కర్నీతాస్, మిచోవకాన్ వాళ్ళ వంట. ఆయన గ్లాసు ఎత్తి మాట్లాడినదంతా నాకు అర్థం కాలేదు. 'అసెన్సో' అన్న మాట మాత్రం రెండుసార్లు వినపడింది.

2022లో అట్లేతికో మొరేలియా కింది లీగు గెలిచింది. ఫైనల్ కూడా వాళ్ళింట్లోనే చూశాం. అప్పటికి ఆయన మనసు కొంచెం మెత్తబడింది. కప్పు ఎత్తారు, రంగు కాగితాలు ఎగిరాయి. టీవీలో వ్యాఖ్యాత బహుమతి డబ్బు గురించి చెప్తున్నాడు. పాత రోజుల్లో అయితే ఆ క్షణంలో కుర్రాళ్ళు పైకి ఎక్కడానికి ఇంకెన్ని మ్యాచ్‌లో లెక్క మొదలుపెట్టేవాళ్ళట. మాఎస్త్రో మనవడు, ఎనిమిదేళ్ళవాడు, "ఇప్పుడు మనం పైకి వెళ్తామా?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. వాళ్ళమ్మ వాణ్ణి పళ్ళు తోముకోమని లోపలికి పంపింది.

డబ్బు లేని క్లబ్బులు పైకి వచ్చి చితికిపోవడం నిజమే. వెరాక్రూస్‌ని చూశాక జీతాల హామీ, లెక్కల తనిఖీ వద్దని నేనెలా అంటాను? కానీ తనిఖీ పెట్టడం వేరు, తలుపు మూసేయడం వేరు. ఏజెన్సీ కుర్రాణ్ణి నాలుగేళ్ళు చూసిన నాకు ఆ తేడా బాగా తెలుసు. 2025లో కింది లీగు క్లబ్బులు కొన్ని అసెన్సో తిరిగి ఇవ్వాలని స్విట్జర్లాండ్‌లోని అంతర్జాతీయ క్రీడా కోర్టు దాకా వెళ్ళాయి. ఆ వార్త చూసి మనస్ఫూర్తిగా సంతోషించాను.

ఇప్పుడు మాఎస్త్రో రిటైరై మొరేలియా వెళ్ళిపోయాడు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడతాడు. మా హైదరాబాద్ జట్టు గురించి ఒకప్పుడు ఆయనకి గొప్పగా చెప్పాను. 2022లో మన దేశపు ఫుట్‌బాల్ లీగు ఐఎస్ఎల్ కప్పు గెలిచినప్పుడు ఫోటో కూడా పంపాను. 2025 అక్టోబరులో ఆ జట్టుని ఢిల్లీకి తరలించారు. ఆ సంగతి చెప్తే వెంటనే ఫోన్ చేశాడు. కాసేపు ఓదార్చాడు. తర్వాత అడిగాడు.

"మీ హైదరాబాద్‌కి ఆ జట్టు ఎలా వచ్చింది ఇన్హె?"

"2019లో పుణే క్లబ్బు మూతపడితే, ఆ స్థానంలో వచ్చింది."

"పుణే అంటే నువ్వు పనిచేసిన ఊరు కదా."

"అవును మాఎస్త్రో."

ఫోన్లో కుక్క మొరగడం, ఎక్కడో దూరంగా గ్యాస్ బండి మైకు వినపడ్డాయి. "వాళ్ళెలా ఉన్నారు?" అన్నాడు. ఆరేళ్ళు ఆ ఊళ్ళో ఉండి కూడా నేనెవరినీ ఆ మాట అడగలేదు.