రాత్రి రెండింటికి మెలకువగా ఎవరుంటారు?

వృద్ధాశ్రమం చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు తోట చూస్తారు, తర్వాత భోజనాల గది. అక్కడికే సగంమంది సరే అనేస్తారు. నైట్ డ్యూటీలు చేసే నర్సుని కాబట్టి నా మొదటి ప్రశ్న వేరు: రాత్రి రెండింటికి మెలకువగా ఎంతమంది స్టాఫ్ ఉంటారు?

నేను చూసినంతలో పెద్దవాళ్లు పడిపోయేది బాత్రూమ్‌కి వెళ్లే తొందరలోనే. గబుక్కున లేచి నిలబడితే కొందరికి బీపీ పడిపోతుంది. మూడు నిమిషాల్లోపు పై అంకె 20 తగ్గిందంటే జాగ్రత్తపడాల్సిందే. మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, కాళ్లు ఆడించమని, అప్పుడు లేపాలి. ఉన్నది ఒక్కరే అయి, నాలుగు గదుల్లో బెల్ మోగితే ఇంత ఓపిక ఎక్కడిది? దాంతో కొన్నిచోట్ల మంచానికి రెండువైపులా కటకటాలు ఎత్తేసి, సేఫ్టీ అంటారు. మతిమరుపుతో ఉన్న మనిషి వాటినీ ఎక్కి దిగబోతారు. ఇంకా ఎత్తు నుంచి పడతారు.

వేడినీళ్ల సంగతీ అడగండి. న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అవే నేరుగా షవర్‌లో వస్తే పలచబడ్డ చర్మం సెకన్లలో కాలిపోతుంది. మధ్యలో చన్నీళ్లు కలిపి వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వ్ ఉండాలి.

మందుల చార్టు కూడా. మందు ఇచ్చాకే అందులో సంతకం పెట్టాలి. ఒకచోట పొద్దున పదకొండింటికే రాత్రి ఎనిమిది గంటల గడిలో సంతకం కనిపించింది!

చివరగా, పడిపోయినవాళ్ల రిజిస్టర్ చూపించమనండి. ఏడాదంతా ఖాళీగా ఉంటే, ఎవరూ పడలేదని కాదు, రాయట్లేదని అనుకుంటాను; నేనైతే అక్కడ చేర్పించను.