ఉపద్రష్ట వారి ఇంటిపేరు
ఈమధ్య అమలాపురంలో ఒక పెళ్లిలో పరిచయమైన పెద్దాయన మా ఇంటిపేరు వినగానే "ఉపద్రష్ట వారా, ముంగండేనా మీది?" అని ఆప్యాయంగా అడిగారు. అరుదైన ఇంటిపేరును అలా గుర్తుపట్టేవారు ఎదురైతే కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

కోనసీమలో వక్కలంక, ముక్కామల వంటి ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే కనుక వినగానే మూలం తెలిసిపోతుంది. ఉపద్రష్ట అన్నది ఊరు కాదు, ఒక బాధ్యత. యజ్ఞంలో ఋత్విక్కులూ యజమానీ తమ తమ పనుల్లో మునిగి ఉండగా, తాను ఏ కర్మా చేయకుండా పక్కనే కూర్చుని, జరుగుతున్నదానిలోని గుణదోషాలను గమనించే విద్వాంసుడే ఉపద్రష్ట. భగవద్గీత 13వ అధ్యాయంలో పరమాత్మను ఈ మాటతోనే పేర్కొన్నారు. శంకరాచార్యులు తమ భాష్యంలో దానిని ఈ యజ్ఞపు ఉదాహరణతోనే వివరించారు.

17వ శతాబ్దంలో షాజహాన్ ఆదరణ పొందిన జగన్నాథ పండితరాయల ఇంటిపేరు ఇదే, ఊరు ముంగండే. అంతటి కవిని లోకం బిరుదుతోనే తలచుకోవడం వల్ల ఇంటిపేరు మరుగున పడిందని నా అభిప్రాయం. అందుకే దరఖాస్తుల్లో 'ష్ట' ఒత్తు జారిపోయిన ప్రతిసారీ పట్టుబట్టి సరిచేయిస్తాను. మా పిల్లలకు ఆ పేరు రాయడంతోపాటు ఆ బాధ్యత ఏమిటో కూడా చెబుతున్నాను.