నాలుగు బటన్లు, అమ్మ చేతిరాత

శనివారం, ఎడిసన్, అమెరికా

కాఫీలయ్యాక అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఫ్యాక్స్ మెషీన్ పని పట్టాను. నెల రోజులుగా వాయిదా పడుతున్న పని ఇది.

పోయిన నెల అమ్మ రక్తపరీక్ష కాగితాలు గుండె డాక్టరు గారికి పంపుతూ ఒక అంకె తప్పు నొక్కాను. అవతల ఎవరో పెద్దాయన ఫోనెత్తి "హలో, హలో" అంటున్నారు. మా మెషీన్ ఆయన చెవిలో కూత పెడుతూనే ఉంది. గబుక్కున ఆపేశాను. అది ఇంటి ఫోను కాబట్టి సరిపోయింది. ఇంకో ఫ్యాక్స్ మెషీన్ అయి ఉంటే అమ్మ పేరు, పుట్టిన తేదీ, ఒంట్లోని జబ్బులన్నీ ముక్కూ మొహం తెలియని వాళ్ల గదిలో అచ్చయి పడేవి. ఈ దేశంలో ఆరోగ్య వివరాల గోప్యతకు 1996లోనే చట్టం చేశారు. అది ఆసుపత్రులకు, బీమా సంస్థలకు. నాకు మాత్రం అవి మా అమ్మ కాగితాలు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా మెషీన్ మీద ఒక్క నొక్కుతో నంబరు కలిపే బటన్లు నాలుగున్నాయి. మెనూలోకి వెళ్లి, బటన్ ఎంచుకుని, నంబరు కొట్టి, పేరు రాసి భద్రం చేయాలి. ముందు 1, తరవాత మూడంకెల ఏరియా కోడ్, ఆపైన ఏడంకెలు, మొత్తం పదకొండు. అమ్మ కళ్లజోడు సర్దుకుని డాక్టరు గారి చీటీ చూసి ఒక్కొక్క అంకే చదివింది, నేను నొక్కాను. మధ్యలో ఆగి, "పైన ఒక నంబరు, కింద ఒక నంబరు ఉన్నాయి, ఏది?" అని అడిగింది. పైది ఫోను, కిందది ఫ్యాక్స్. అడగకపోతే పై నంబరే ఎక్కించేదాన్ని.

పేర్లు రాయడం పెద్ద తంటా. "సి" అక్షరం రావాలంటే 2 మూడుసార్లు నొక్కాలి. తెలుగు అక్షరాలు అందులో లేనే లేవు. "బటన్ల పక్కన కాగితం ముక్క ఉందిగా, దాని మీద నేను రాస్తాను" అంది అమ్మ. గుండె, షుగరు, కళ్లు, బీమా. గుండ్రటి అక్షరాలు, తలకట్లు కూడా తీర్చిదిద్దినట్టున్నాయి.

అమ్మకు నంబర్లంటే మొదటినుంచీ శ్రద్ధ. తెనాలి నుంచి తెచ్చుకున్న నోటుపుస్తకం ఇప్పటికీ ఆమె పెట్టెలోనే ఉంది. ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 2 చేర్చినప్పుడు, అందులోని ప్రతి నంబరు ముందూ ఎర్రసిరాతో 2 రాసుకుంది. పిన్నిది, పాలవాడిది, నాన్న పనిచేసిన బడిది, ఒక్కటీ వదల్లేదు. ఆ పేజీలు చూస్తే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఎక్కించిన నంబర్ల జాబితా అచ్చు తీసి, చీటీలతో రెండుసార్లు సరిచూశాం. తరవాత ఈ వారం షుగరు లెక్కల కాగితం పెట్టి, "నొక్కమ్మా" అన్నాను. నొక్కింది. మెషీన్ తనంతట తాను అంకెలు కలుపుకుంది, అవతలి మెషీన్ సన్నగా కూసింది, కాగితం మెల్లగా లోపలికి జరిగింది. మా ఇంటి ఫోను ఇంటర్నెట్ మీద నడుస్తుంది. అందుకే పేజీ పంపే వేగం సెకనుకు 14,400 బిట్ల నుంచి 9,600కు తగ్గించాక గానీ పేజీలు మధ్యలో తెగిపోవడం ఆగలేదు. నిమిషం ఆలస్యమైనా ఫరవాలేదు, మొత్తం చేరాలి.

పేజీ ఒకటి, చేరింది అని రసీదు వచ్చింది. దాని మీది నంబరును అమ్మ చీటీతో మరోసారి పోల్చి చూసుకుంది. రసీదు మడిచి తన నోటుపుస్తకంలో పెట్టుకుంది.

"వచ్చే శనివారం నువ్వు లేవకు, నేనే పంపుతాను" అంది.