ఎనిమిది నెలలు ఆగిన బిల్లు ఛాంబర్ సాయంతో ఎలా వసూలైంది – నా అనుభవం

ఒంగోలు నుంచి చీమకుర్తి పోయే దారిలో నాకో చిన్న షెడ్డు ఉంది. గెలాక్సీ గ్రానైట్ పలకలు ఓడెక్కే ముందు వాటిని నిలబెట్టి బిగించే చెక్క ఫ్రేములు చేస్తాం. నాతో కలిపి ఏడుగురం. విదేశాలకు పోయే చెక్క కాబట్టి లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలేలా ట్రీట్‌మెంట్ చేయించి, ముద్ర వేయించాలి. ఆ ఖర్చూ ముందు మేమే పెట్టుకుంటాం.

2024 ఏప్రిల్ నుంచి జూలై దాకా ఒక ఫ్యాక్టరీకి సరుకు వేశాను. 4,12,000 రూపాయలు రావాలి. డిసెంబరు వచ్చినా పైసా రాలేదు. ఫోన్ చేస్తే "వచ్చే వారం" అనేవాళ్లు. ఇటు జామాయిల్ కర్ర తెచ్చే కోత మిల్లులో బాకీ పెరిగింది. శనివారం వస్తే కూలీలివ్వాలి. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి రెండు వారాలు నెట్టుకొచ్చాను. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు.

హార్డ్‌వేర్ కొట్టు నడిపే స్నేహితుడు ఛాంబర్ (వ్యాపారుల సంఘం) ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఛాంబర్ అంటే పెద్ద వ్యాపారులదనీ, ఎండాకాలం చలివేంద్రాలు పెడతారనీ మాత్రమే నాకు తెలుసు. అక్కడి పెద్దాయన నా కథంతా విని ఒకటే అడిగారు. "ఉద్యమ్ సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకున్నావు నాయనా?"

అది చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్. 2021లో, బ్యాంకు లోను కోసం తీసుకున్నానని చెప్పాను.

"సరుకు వేయకముందే ఉందన్నమాట. సగం బరువు దిగినట్టే."

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం నాకు రక్షణగా ఉందని ఆ రోజే తెలిసింది. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే సరుకు తీసుకున్న 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. అప్పటి బ్యాంకు రేటు 6.75 శాతం. అంటే 20.25 శాతం! నా స్నేహితుడికి కూడా బాకీలున్నాయి గానీ, అతను కొని అమ్మేవాడు. వ్యాపారులకు ఉద్యమ్ ఉన్నా, ఈ వసూలు రక్షణ వర్తించదని పెద్దాయన చెప్పారు. అతని ముఖం చూసి నాకు బాధేసింది.

తర్వాత కాగితాల వేట. ఇన్‌వాయిస్‌లు ఉన్నాయి. సరుకుతో పంపే చలానాల్లో మూడింటి మీద ఫ్యాక్టరీ గేటు ముద్ర లేదు. వాటికి సరుకు రవాణాకు తీసే ఈవే బిల్లులు, ట్రీట్‌మెంట్ సర్టిఫికెట్లు జతచేయమన్నారు. ఛాంబర్‌లో పనిచేసే అమ్మాయి నాలుగు సాయంత్రాలు నా పక్కన కూర్చుని తేదీల వారీగా సర్దింది. ఆ అమ్మాయి ఓపికే లేకపోతే నేను మధ్యలో వదిలేసేవాణ్ణి. జనవరిలో, ఇలా ఆగిన బిల్లుల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సమాధాన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాం.

అప్పుడు ఫ్యాక్టరీ వాళ్లు కొత్త మాట ఎత్తారు, చెక్క నాసిరకమని. నా చేతులు వణికాయి. చెక్క మీద నాకు మాట రాకూడదు, మా నాన్న నేర్పిన పని ఇది. పెద్దాయన మాత్రం నెమ్మదిగా చెప్పారు. సరుకు దిగిన 15 రోజుల్లోపు రాసి ఇచ్చిన అభ్యంతరమే చెల్లుతుంది, ఎనిమిది నెలలకు నోటితో అంటే కాదు.

ఫిబ్రవరిలో ఇద్దరినీ ఛాంబర్‌లోనే కూర్చోబెట్టారు. ఆ ఫ్యాక్టరీ యజమానీ అక్కడ సభ్యుడే. ఎవరూ గొంతు పెంచలేదు. ఆడిటర్ ఒకాయన ఆదాయపు పన్ను సంగతి విడమరిచారు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, గడువు దాటిన మా లాంటి వాళ్ల బిల్లు మార్చి 31లోగా కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపడానికి వీల్లేదు. పన్ను మీద పడుతుంది. యజమాని కాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు విడతల్లో ఇస్తానన్నారు.

వడ్డీ 50 వేలు దాటింది. అది వదిలేశాను. చట్టం ఇచ్చిన హక్కును వదులుకోవడం సరైందా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. కానీ ఆ ఫ్యాక్టరీలో 40 మంది పనిచేస్తున్నారు, నా ఫ్రేములు రేపు కూడా వాళ్లకే కావాలి. ఈ రెండు వైపులూ తూచగలిగింది ఆ గది ఒక్కటేనని నాకనిపించింది. కోర్టుకెళ్తే నాకు డబ్బు వచ్చేదేమో గానీ ఆ బేరం పోయేది.

రెండో విడత మార్చి 28న పడింది. ముందు కోత మిల్లు బాకీ తీర్చాను. మిల్లు ఆయన అదే రోజు తన లారీ కిస్తీ కట్టుకున్నారు. గాజులు విడిపించింది ఆ తర్వాతి సోమవారం. దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడు నా ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. గేటు ముద్ర పడందే మా డ్రైవర్ వెనక్కి రాడు. నెల కిందట ఛాంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఇటుకల బట్టీ ఆయనొకరు చలానాల సంచితో వచ్చారట, కాస్త రమ్మన్నారు. వెళ్లి ఆయన పక్కన కూర్చుని తేదీలు సర్దడం మొదలుపెట్టాను.