పూలదారంతో బెంగళూరు–శాన్ ఫ్రాన్సిస్కో: ఎక్కువొచ్చిన 380 కిలోమీటర్లు దొరికాయి

దొరికింది! గ్లోబ్ మీద దారంతో కొలిచిన దూరానికీ అసలు దూరానికీ మధ్య మూడు వారాలుగా నిద్ర పట్టనివ్వని తేడా ఎక్కడిదో నిన్న రాత్రి తేలిపోయింది.

మొదట గ్లోబ్ మీద బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి (అక్కావాళ్ళు ఉండేది అక్కడే) దారం లాగితే 33.4 సెం.మీ. వచ్చింది. డబ్బా మీద గ్లోబ్ వ్యాసం 12 అంగుళాలని ఉంది కాబట్టి సెంటీమీటరుకి 418.5 కి.మీ. చొప్పున 13,978. అసలు దూరం దాదాపు 14,000, ఇంకేం కావాలి అనుకున్నా. అదే లెక్కతో లండన్ కొలిస్తే 18.7 సెం.మీ., అంటే 7,826. ఉండాల్సింది 8,050! టేపు పెట్టి భూమధ్యరేఖ చుట్టూ చూస్తే 95.8 ఉండాల్సిన చోట 93.1 ఉంది. డబ్బా మీది కొలతని ఎవరూ నమ్మకండి, చుట్టుకొలత మీరే తీసుకోండి. భూమి చుట్టుకొలత 40,075 కి.మీ.ని 93.1తో భాగిస్తే సెంటీమీటరుకి 430.4. దాంతో లండన్ చక్కగా 8,049కి వచ్చింది, శాన్ ఫ్రాన్సిస్కో మాత్రం 14,375కి పోయింది.

నైలాన్ దారం సాగుతోందేమోనని మారతహళ్ళి మార్కెట్లో పూలు కట్టే నూలుదారం తెచ్చాను (దీనికి అదే మేలు, గ్లోబ్ మీద జారదు). మళ్ళీ 33.4. మధ్యలో కాగితం అతుకు ఎత్తుగా ఉందేమో అనుకున్నా, కానీ 1 మి.మీ. అంటే 43 కి.మీ., ఎక్కువొచ్చిన 380 అంటే దాదాపు 9 మి.మీ.; ఒక్క అతుకు అంత తేడా తేలేదు. నాలుగుసార్లు కొలిచా, నాలుగుసార్లూ అంతే.

నిన్న దీపం దగ్గరగా పెట్టి చూస్తే ఉత్తర ధ్రువం దగ్గర స్టాండు బిగించే ప్లాస్టిక్ బుడిపెకి దారం ఆనుకుని వంగి ఉంది. అమెరికా అంటే యూరప్ మీదుగానే అన్న అలవాటు కొద్దీ నేను దారాన్ని గ్రీన్‌లాండ్ వైపు నుంచి వేస్తున్నా. అది దగ్గర దారిలోకి జరుగుదామంటే బుడిపె అడ్డం! స్టాండు ఊడదీసి అటువైపు నుంచి లాగితే చైనా, సైబీరియా మీదుగా 71 డిగ్రీల దాకా ఎక్కి అలాస్కా మీదుగా దిగింది. 32.5 సెం.మీ., 13,988 కి.మీ.

అంటే ఇన్నాళ్ళూ నేను కొలిచింది ధ్రువం మీది దారి. 2021 జనవరిలో అందరూ మహిళా పైలట్లే ఉన్న ఎయిర్ ఇండియా బోయింగ్ 777 విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి వచ్చిన దారి అదే. 14,000లో 380 అంటే మూడు శాతం కూడా కాదు, గాలి కలిసొస్తే ఆ చుట్టు లెక్కే కాదని దారం పట్టుకుంటే తెలిసింది.

ఇప్పుడు సమయం పని. గంటకి 900 కి.మీ. చొప్పున ప్రతి 2.1 సెం.మీ.కి ముడి వేశా. పదిహేనున్నర ముళ్ళు వచ్చాయి, నేరుగా వెళ్ళే విమానానికి మాత్రం సుమారు 17 గంటలు పట్టేది. విమానం రన్‌వే దాకా మెల్లగా కదలడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం కలిపి అరగంట తీసేసినా ఇంకో గంట మిగులుతోంది. దారి వంకరలా, ఎదురుగాలా? లండన్‌కి పోయేటప్పటి కంటే వచ్చేటప్పుడు తక్కువ పడుతుంది కాబట్టి ముందు దానికే పోనూ రానూ రెండు రంగుల దారాలతో వేరే ముళ్ళు వేసి చూస్తాను. ఆ తర్వాత సిడ్నీ.