ఏ ష్నైడర్?

మా పార్సిల్ ఇరుగుపొరుగులో ష్నైడర్‌కి ఇచ్చామని డెలివరీ అబ్బాయి చీటీ అంటించి పోయాడు. ఏ ష్నైడర్? ముందు బ్లాకులో ఒకరు, వెనక బ్లాకులో ఇద్దరు. ఫ్లాట్ నంబర్లు లేని కొంప మాది, బెల్లు పక్కనున్న ఇంటిపేరే అడ్రసు. మొదటావిడ నా మాట పూర్తికాకుండానే తలుపేసింది. రెండో ఇంట్లో టీవీ మోగుతోంది, మనిషి మాత్రం రాడు. మూడో ఇంటి కుర్రాడు చెవుల్లోవి తియ్యకుండానే తల అడ్డంగా ఊపాడు. ఈయన్ని కదలమంటే "రేపు చూద్దాంలే". అందులో ఉన్నది గోంగూర పచ్చడండీ, రేపేమిటి!

పేరుకి మనిషిని పట్టిచ్చే గుణం ఉండొద్దూ? జర్మనీలో మ్యుల్లర్, ష్మిట్‌ల తర్వాత ఎక్కువమందికి ఉన్నది ఇదే. ష్నైడరంటే దర్జీ. ఊరూరా దర్జీ ఉన్నాడు, ఊరూరా విడివిడిగా ఈ పేరు పుట్టింది. ఒకరికొకరు ఏమీ కారు.

నాన్న వచ్చినప్పుడు బెర్లిన్‌లోని వైసెన్‌జే యూదుల శ్మశానానికి తీసుకెళ్ళాం. 1880లో తెరిచారు, సుమారు 1,15,000 సమాధులు. గేటు దగ్గరిచ్చిన టోపీ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, రాళ్ళమీద పేర్లు కూడబలుక్కుంటూ నడిచారాయన. ఒకచోట ఆగి, "ష్నైడరు! మీ కిందింటావిడ కూడా యూదులేనా?" అన్నారు. కాదు నాన్నా, ఆదివారం చర్చికెళ్తుంది. "మరి పేరెలా కలిసింది?"

చెప్పాను. అక్కడి యూదుల్లో చాలామందికి ఫలానావాడి కొడుకు ఫలానా అనడమే పేరు. 1787లో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్, అందరూ జర్మన్ ఇంటిపేరు పెట్టుకు తీరాలన్నాడు. జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యా 1812లో అదే దారి పట్టింది. బట్టలు కుట్టేవాళ్ళు ష్నైడర్లయ్యారు, తూర్పువైపు స్లావిక్ భాషల్లో క్రావెట్స్, పోర్ట్నోయ్ అయ్యారు. పన్నులకీ, సైన్యంలోకి పట్టుకుపోవడానికీ లెక్క కావాలిగా. రెవెన్యూలో రిటైరైన నాన్న, "రికార్డు లేకపోతే పరిపాలనెలా సాగుతుందమ్మా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అక్కడే, సమాధుల మధ్య, గొంతు పెంచి వాదించుకున్నాం.

పట్టిచ్చే గుణం ఉండాలని పైన రాశానే, ఇప్పుడు ఆ మాట నాకే నచ్చట్లేదు. ఇంటిపేరు ఏమీ చెప్పకపోవడం నాజీలకీ అడ్డే అయింది. ఏ ష్నైడర్ యూదుడో, ఏ ష్నైడర్ కాదో పేరులో లేదు. 1938 ఆగస్టులో ఉత్తర్వు తెచ్చారు. చూడగానే యూదులని తెలిసే సొంతపేరు లేకపోతే, మగవాళ్ళు ఇజ్రాయెల్ అనీ ఆడవాళ్ళు సారా అనీ 1939 జనవరి నుంచి తగిలించుకోవాలి. అంతకన్నా మా బెల్లుల గందరగోళమే నయం. అలాగని ఆ డెలివరీ అబ్బాయిని వదిలేశానని కాదు. ఏ అంతస్తో రాయడానికి ఎంతసేపు?

ఇందాక నాన్న ఫోను. మా పైన కొత్తగా దిగిన తెలుగువాళ్ళ ఇంటిపేరు కావాలట. అడగనన్నాను. "అడగడమెందుకు, బెల్లు మీద ఉంటుందిగా, చదివి చెప్పు." మళ్ళీ చేస్తే పడుకున్నానని ఈయన చేత చెప్పించాను.