గ్రీకు తత్వవేత్త ప్లేటో ఎక్కడ తగిలాడో చూడండి
రాత్రి క్యాథలిక్ ఫ్రెండ్ వాళ్ళింట్లో బైబిల్ తిరగేస్తుంటే మా బైబిల్లో లేని సొలోమోను జ్ఞానగ్రంథం కనపడింది, ఊరికే చూద్దామని మొదలెట్టి పదకొండింటి దాకా వదల్లేదు. పేరు సొలోమోను రాజుదే గానీ రాసింది ఆయన పోయిన దాదాపు 900 ఏళ్ళకి, అదీ హీబ్రూలో కాదు గ్రీకులో, బహుశా అలెగ్జాండ్రియా యూదుడెవరో అంటారు. 8వ అధ్యాయం 7వ వచనం దగ్గర ఆగిపోయా... నిగ్రహం, వివేకం, న్యాయం, ధైర్యం, ఇవి ప్లేటో చెప్పిన నాలుగు సుగుణాలే కదా, డిగ్రీలో బట్టీ పట్టా వీటిని! తర్వాతి అధ్యాయంలో నశించే శరీరం ఆత్మకి బరువంటాడు, అదీ ప్లేటో వాసనే. కానీ పూర్తిగా గ్రీకువాడైపోలేదు, ఆ నాలుగూ నేర్పేది దేవుడిచ్చే జ్ఞానమే అంటాడు, చివర్లో మళ్ళీ యూదులు ఐగుప్తు నుంచి ఎర్రసముద్రం దాటి బయటపడ్డ కథే. బుక్ అడిగి తెచ్చుకున్నా, ఆదివారం ఇచ్చేయాలి.